తలకు కపాలం, ఊరికి దేశం

బోగోర్, జావా ద్వీపం
ఆదివారం

బాబాయ్,

నిన్న ఎండన పడి తిరిగి తల పగిలిపోతుంటే వీధి చివర మందుల షాపుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి తన నుదురు నొక్కి చూపించి "సకిత్ కెపాలా?" అంది. సకిత్ అంటే నొప్పి. కెపాలా అంటే మన కపాలమే! మనకది శివుడి చేతిలో ఉండేది, కాటిలో పగిలేది. వీళ్ళకు రోజూ దువ్వుకునే తల. పుర్రెకు వేరే మాట ఉంది.

బడి హెడ్మాస్టరు 'కెపాలా సెకొలా'. గ్రామపెద్ద 'కెపాలా దెసా'. ఇక్కడ దేశమంటే పల్లెటూరు మరి! మన అచ్చంపేట సర్పంచిగారికి ఈ బిరుదు చెప్పి చూడు, మురుస్తారో కొట్టొస్తారో.

మందు ఇచ్చేలోగా అరలన్నీ చదివాను. 'బహు' అంటే భుజం, 'సెంది' అంటే కీలు, మన సంధి. మొహం కడిగే సబ్బు మీద 'ముక' అని ఉంది. ఒంటి మీది వెంట్రుకలు 'బులు రోమ', మన రోమమే. కన్నూ కాలూ మాత్రం వాళ్ళ సొంత మాటలు: కన్ను 'మాత', కాలు 'కాకి'. కాకి నొప్పి అంటే నవ్వకుండా ఉండడం నావల్ల కాలేదు.

మరి కపాలం రాకముందు తలనేమనేవారు? 'హులు'. ఆ మాట చావలేదు, ఏటి వెంట పైకి పోయింది. ఇప్పుడు నదికి ఎగువ హులు, కత్తికి పిడి హులు. మాదిపాడు రేవులో నిలబడి పులిచింతల వైపు చెయ్యి చూపిస్తే అది హులు. మనం తలను తల మీదే ఉంచుకుని, కపాలాన్ని శ్మశానానికి పంపాం.

మనవాళ్ళే ఓడలెక్కి వచ్చి ఈ మాట నేర్పారని రచ్చబండ దగ్గర గొప్పలు పోకు. కపాలం సంస్కృతం, మనకూ అరువే. లిపి సంగతి వేరు. ఈ ఊరి దగ్గర చియరుతున్‌లో 5వ శతాబ్దపు బండ ఉంది. దాని మీద పూర్ణవర్మ అనే రాజు రెండు పాదాల గుర్తులు, అవి విష్ణుపాదాల్లాంటివని సంస్కృత శ్లోకం. అక్షరాలు పల్లవ లిపి. ఆ పల్లవుల తొలి శాసనాల్లో ఒకటి, సింహవర్మది, మన పల్నాడులోనే, మంచికల్లులో దొరికింది. బండ ముందు నిలబడ్డప్పుడు నా బులు రోమ కూడా లేచింది.

మాత్రతో నొప్పి తగ్గింది. నీకు మాచర్ల వైపు పనిపడితే మంచికల్లులో దిగి, శాసనం సంగతి ఊళ్ళో ఎవరికైనా తెలుసేమో కనుక్కుని రాయి.