ఆటోనగర్‌లో పాత కారు

పిల్లలూ! విజయవాడ వెళ్ళినవారు ప్రకాశం బరాజు చూస్తారు, దుర్గమ్మ కొండ ఎక్కుతారు. ఆటోనగర్ చూడడానికి మాత్రం ఎవరూ పనిగట్టుకు వెళ్ళరు. కాని అదీ చూడవలసిన చోటే. పటమట పక్కన వీధుల తరబడి మోటారు బండ్ల షెడ్లే ఉంటాయి. ఒకచోట లారీకి కొత్త బాడీ కడుతుంటారు. ఇంకొకచోట ఇరుసు విప్పుతుంటారు. మరొకచోట లేత్ మిషను మీద ఇనప కడ్డీ చెక్కుతుంటారు. సుత్తుల చప్పుడులో పక్కవాడి మాట వినబడదు.

అక్కడ ఒక షెడ్డులో నేను చూసిన పాత అంబాసిడర్ కారు సంగతి చెబుతాను. ఈ రకం కార్లను పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1957 మొదలు 2014 వరకు తయారుచేశారు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దీనికి నమూనా. నేను చూసిన కారు బందరు నుంచి వచ్చింది. సముద్రపు గాలి సోకుతూ చాలాకాలం కదలకుండా పడి ఉన్నందువల్ల దాని అడుగంతా ఎర్రగా తుప్పుపట్టింది.

అంబాసిడర్‌లో ఇంజను ముందు ఉంటుంది. కారును నడిపేవి వెనక చక్రాలు. మరి ఇంజను బలం వెనక్కు ఎలా చేరుతుంది? ప్రొపెల్లర్ షాఫ్టు అనే పొడుగాటి గొట్టం కారు కింద గిర్రున తిరుగుతూ ఆ బలాన్ని వెనక్కు చేరుస్తుంది. దాని రెండు కొసలా క్రాసులనే కీళ్ళు ఉంటాయి. వెనకనున్న లావుపాటి పెట్టెలో పళ్ళచక్రాలు ఆ తిరుగుడును పక్కలకు మళ్ళిస్తాయి. అక్కడి నుంచి రెండు ఉక్కు ఇరుసులు చెరొక చక్రాన్నీ తిప్పుతాయి.

మేస్త్రీ వీటన్నిటినీ విప్పి బల్ల మీద పెట్టాడు. విప్పే ముందు షాఫ్టు మీదా, అది బిగిసే చోటా గుర్తులు గీశాడు. మళ్ళీ అదే వరసలో బిగించకపోతే కారు నడిచేటప్పుడు వణకవచ్చు. తరవాత కిరసనాయిలుతో గ్రీజు కడిగి, తీగ బ్రష్షుతో రుద్దాడు. తుప్పు పోయింది గాని, ఇనుము మీద స్ఫోటకం మచ్చలలాంటి గుంటలు మిగిలాయి.

ఈ గుంటలు ఎలా పడతాయి? ఇనుముకు నీరూ, గాలిలోని ఆక్సిజనూ తగిలితే తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని మరీ త్వరగా సాగుతుంది. ఉప్పునీటి చెమ్మ, మట్టి ఒకేచోట అంటుకుని ఉంటే, తుప్పు అంతటా సమంగా తినక అక్కడే లోపలికి తొలుస్తుంది. గుంట అడుగుకు గాలి సరిగా అందదు. అయినా తొలవడం ఆగదు. అక్కడ ఆమ్లగుణం పెరిగి, ఇనుము ఇంకా త్వరగా కరుగుతుంది. అందుచేత పైకి ఆవగింజంత కనబడే గుంట లోపల చాలా లోతుగా ఉండవచ్చు.

గుంటలలో దాగిన తుప్పును బ్రష్షు తీయలేదు. దానికి వేరే ఉపాయం ఉంది. బట్టల సోడా కలిపిన నీళ్ళ తొట్టిలో ఆ వస్తువును వేలాడదీసి, బ్యాటరీ ఛార్జరు రుణధ్రువానికి కలుపుతారు. ఒక పాత ఇనప రేకును ధనధ్రువానికి కలుపుతారు. విద్యుత్తు పారుతుంటే తుప్పు వదులై రాలిపోతుంది. అప్పుడు పుట్టే హైడ్రోజన్ వాయువు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కనుక ఇది బాగా గాలి ఆడేచోట పెద్దలు చేయవలసిన పని, మీరు చేయకండి. గాలి ఒత్తిడితో గరుకు రజను చిమ్మి తుప్పు రాల్చే పద్ధతి కూడా ఉంది. అందుకు మామూలు ఇసుక వాడితే దాని పొడి ఊపిరితిత్తులలో చేరి, సిలికోసిస్ అనే నయంకాని జబ్బు తెస్తుంది.

తుప్పు పోయినా, పోయిన ఇనుము తిరిగి రాదు గదా! మేస్త్రీ అసలు నేర్పు ఇక్కడే చూశాను. ఒక్కొక్క వస్తువూ చేసే పనినిబట్టి ఆయన వాటిని విడదీశాడు. వెనక పెట్టె గోడ మందమైనది, పైగుంటలు దానికి చేటు చేయవు. వాటిని లోహపు పొడి కలిసిన ఎపాక్సీ లప్పంతో పూడ్చి, నున్నగా రుద్ది రంగు వేశాడు. ప్రొపెల్లర్ షాఫ్టుకు మాత్రం లప్పం పెట్టలేదు, పలుచగా రంగు వేశాడంతే. వేగంగా తిరిగే గొట్టానికి ఒకపక్క బరువు పెరిగితే తూకం తప్పుతుంది. ఆయిలు కారకుండా సీలు ఒరుసుకునే చోట గుంటలుంటే, పలుచని ఉక్కు తొడుగు ఎక్కించాడు. గుంటలు పడ్డ క్రాసులనూ, బేరింగులనూ పక్కన పారేశాడు.

ఇక ఇరుసులు మిగిలాయి. ఒకదాని మీద మరకలే ఉన్నాయి. దానిని సన్నని ఎమరీ కాగితంతో నిలువునా రుద్ది నునుపు చేశాడు. రెండవదానికి లోతైన గుంటలున్నాయి. కారు యజమానికి తొందరగా ఉంది. ఇంట్లో పెళ్ళి దగ్గరపడింది.

"మేస్త్రీ, దీనికి కూడా లప్పం పెట్టి నల్లరంగు వేసెయ్యవయ్యా. లోపల ఉండేదాన్ని ఎవరు చూస్తారు?" అన్నాడాయన.

"ఎవరూ చూడరండీ. కాని ఇంజను లాగుడంతా పడేది దాని మీదేనండీ. లప్పం దేనికి ఓర్చుకుంటుంది? రేపు అందులో ఎక్కేది మీ పిల్లలే గదండీ!" అన్నాడు మేస్త్రీ.

ఆయన మాట నిజం. గుడ్డ అంచున చిన్న గాటు పెట్టి లాగితే, సరిగ్గా ఆ గాటు దగ్గరే చిరుగుతుంది. ఇరుసు మెలితిరిగినప్పుడల్లా గుంట అడుగున అలాగే ఒత్తిడి చేరి, సన్నని పగులు మొదలై, కొన్నాళ్ళకు విరుగుతుంది. అటువంటి ఇరుసుకు రంగు పూస్తే పైన పటారం, లోన లొటారం అన్నట్టే. యజమాని కాసేపు గొణిగి, చివరకు వేరే ఇరుసుకు డబ్బు ఇచ్చాడు.

మీరు ఒక పని చేసి చూడండి. మూడు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో మంచినీళ్ళు, రెండవదానిలో ఉప్పునీళ్ళు పోసి, సగం మునిగేట్టు ఒక్కొక్క ఇనప మేకు వెయ్యండి. మూడవదానిలో నీళ్ళు పోయక, నూనె రాసిన మేకు పెట్టండి. వారం తరవాత మేకులు తుడిచి, భూతద్దంతో చూడండి. ఏ మేకు ఎక్కువ చెడిందో మీకే తెలుస్తుంది. ఆ తరవాత మీ సైకిలు గొలుసును కూడా ఒకసారి చూసి, పొడిగుడ్డతో తుడిచి, నాలుగు చుక్కల నూనె వెయ్యండి.