మందుకీ కౌలు ఉంది

కెమిస్ట్రీ చదివేవాడు మందు గురించి రాస్తే అణువులూ, బంధాలూ తప్పవనుకుంటారు మిత్రులు. నేను రాయబోయేది కౌలు గురించి. మాకు రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. అంచేత ఆ మాట నాకు చిన్నప్పుడే వచ్చేసింది.

2017లో మా పెదనాన్నకి కాలేయ క్యాన్సర్ అని తేలింది. డాక్టరుగారు సొరాఫెనిబ్ అనే బిళ్ళలు రాశారు. పూటకి రెండు, రోజుకి నాలుగు, నెలకి 120. నెల మందుకి తొమ్మిది వేల లోపే అయ్యేది. మిరపకాయల డబ్బులోంచి నాన్న తీసి ఇచ్చేవాడు. పెదనాన్న అయిదు నెలలు బతికాడు. ఆ బిళ్ళల వెనక ఎంత కథ ఉందో నాకు డిగ్రీలో చేరాకే తెలిసింది.

ఆ మందు ఒక్కరి పంట కాదు. జర్మనీ కంపెనీ బేయర్, అమెరికాలోని చిన్న కంపెనీ ఆనిక్స్ 1994లో పొత్తు కలిశాయి. చిన్నవాళ్ళ దగ్గర ఆలోచన ఉంటుంది గాని ఏళ్ళ తరబడి పరీక్షలు చేయించే పెట్టుబడి ఉండదు. మా ఊళ్ళో పొత్తు వ్యవసాయం లాంటిదే. పేచీ కూడా మా ఊరి తరహాలోనే వచ్చింది. సొరాఫెనిబ్‌లో ఒక హైడ్రోజన్ పరమాణువు తీసి ఫ్లోరిన్ పెడితే రెగొరాఫెనిబ్ (చూశారా, అణువులు రానే వచ్చాయి!). బేయర్ దాన్ని తన సొంతమంది. అదీ పొత్తులోదేనని ఆనిక్స్ 2009లో కోర్టుకెక్కింది. 2011లో రాజీపడ్డారు: క్యాన్సర్‌కి అమ్మే రెగొరాఫెనిబ్ మీద ఆనిక్స్‌కి 20 శాతం రాయల్టీ. ఒక్క పరమాణువు మీద గట్టు తగాదా!

పేటెంటంటే పట్టా, లైసెన్సంటే కౌలు కాగితం. ఒక్కటే తేడా. వరదొచ్చినా మా కౌలు కట్టాల్సిందే, రాయల్టీ మాత్రం అమ్మినదాని మీదే.

మన దేశంలో సొరాఫెనిబ్ పట్టా బేయర్‌కి 2008లో వచ్చింది. నెల మందు ధర 2,80,428 రూపాయలు, అంటే బిళ్ళ సుమారు 2,337. హైదరాబాదు నాట్కో కంపెనీ లైసెన్సు అడిగితే కుదరలేదు. అయితే మన పేటెంట్ల చట్టంలో 84వ సెక్షన్ ఒకటుంది. పేటెంటిచ్చి మూడేళ్ళు దాటినా మందు అందుబాటు ధరలో దొరక్కపోతే, యజమాని ఒప్పుకోకపోయినా లైసెన్సు ఇప్పించవచ్చు. 2012 మార్చిలో అలాగే ఇప్పించారు, దేశంలో అదే మొదటిది. నెల మందు 8,880 దాటకూడదు, ఏడాదికి 600 మంది పేదలకి ఉచితంగా ఇవ్వాలి, అమ్మకాల మీద 6 శాతం బేయర్‌కి కట్టాలి. బిళ్ళ 74 రూపాయలకి దిగింది.

పెట్టుబడి రాకపోతే రేపు కొత్త మందు ఎవరు వెతుకుతారన్న మాట కొట్టిపారేసేది కాదు. పంట నష్టం మాకూ తెలుసు. కానీ ఆనిక్స్, బేయర్ మాట్లాడుకున్న బల్ల దగ్గర మా పెదనాన్న లాంటివాళ్ళకి కుర్చీ లేదు. 84వ సెక్షనే ఆ కుర్చీ వేసింది.

2008లో అచ్చయిన పరీక్షలో ఈ మందు వాడినవాళ్ళ ఆయుష్షు మధ్యగతం 10.7 నెలలు, ఉత్తి బిళ్ళ మింగినవాళ్ళది 7.9. మూడు నెలలు కూడా తేడా లేదు.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను. "ఆ పాత ధరే ఉంటే ఏం చేసేవాడివి?" అని అడిగాను.

"రెండెకరాలూ అమ్మేవాణ్ణి" అన్నాడు తడుముకోకుండా.

మూడు నెలల కోసమా అని అడగలేకపోయాను. అమ్మ లేచి లోపలికెళ్ళిపోయింది.

కాసేపటికి నాన్నే, "ఆ ఆరు శాతం వాళ్ళకి ముడుతుందా?" అన్నాడు. 2013లో దాన్ని ఏడు చేశారని చెప్పాను.

"కట్టాలి మరి. చేను వాళ్ళదేగా" అన్నాడు.