కవలల తల్లి తూకం

స్కానింగ్‌లో కవలలని తేలిన రోజు నుంచే ఆ ఇంట్లో తిండి విషయంలో రెండు పార్టీలు తయారవుతాయి. ముగ్గురికి సరిపడా తినాలనేది ఒక పార్టీ. ఎక్కువ తింటే పిల్లలు లావైపోయి కాన్పు కష్టమవుతుందనేది రెండో పార్టీ. మా పల్నాడులో రెండో పార్టీదే మెజారిటీ. నరసరావుపేటలో నా దగ్గరికొచ్చిన కవలల తల్లుల్లో లావెక్కి ఇబ్బంది పడ్డవాళ్లకంటే, పెరగాల్సినంత పెరగక అవస్థపడ్డవాళ్లే ఎక్కువ.

ఒకమ్మాయికి తొలిచూలు. ఎత్తు 152 సెంటీమీటర్లు, మూడో నెలలో బరువు 41 కిలోలు. 18వ వారంలో తూస్తే 42. ఏం తింటున్నావమ్మా అని అడిగితే అత్తగారు అందుకుంది, ‘‘అన్నీ తింటదండీ, దానికేం లోటు!’’ అని. ఆవిణ్ని కాసేపు బయట కూర్చోమని, నిన్న లేచినప్పటి నుంచీ ఏమేం తిన్నావో వరసగా చెప్పమన్నాను. పొద్దున టీ, తర్వాత రెండిడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం. గుడ్డు వేడి చేస్తుందని మాన్పించారు. నువ్వులు సరేసరి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు ఆడపడుచు పిల్లల పాలవుతున్నాయి. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఎవరో అన్నారట, వాటిని బీరువాలో దాచింది.

అత్తగారిని లోపలికి పిలిచాను. కోప్పడి లాభం లేదు, ఆ ఇంట్లో వండేదీ వడ్డించేదీ ఆవిడే. ‘‘చూడండి పెద్దమ్మా, కవలలు ఒక్కొక్కరు రెండున్నర కిలోలకు రావడమే గొప్ప. మీరు భయపడేంత లావు వీళ్లకెక్కడ వస్తుంది? నెలలు నిండకుండా పుడితే బాక్సులో పెట్టాలేమోనని నా భయం’’ అన్నాను. బాక్సు అనే మాటకు ఆవిడ బాగా బెదిరింది. అంత మెత్తగా ఇంకే మాటకూ లొంగేది కాదేమో! గుడ్లు మళ్లీ కంచంలోకి వచ్చాయి. ముద్దపప్పు, పెరుగు, వేరుశనగ ఉండలు, ఒకేసారి పట్టకపోతే కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు. 36వ వారానికి 54 కిలోలయింది. మొదటి బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటంతో ఆపరేషన్ చేశాం. పిల్లలు 2.2, 2 కిలోలు. బాక్సు అవసరం పడలేదు.

కవలల విషయంలో తొందరపడాల్సింది మొదటి ఆరేడు నెలల్లోనే. ఆ తర్వాత గర్భసంచి పైకొచ్చి కడుపును నొక్కేస్తుంది, నాలుగు ముద్దలకే ఆయాసం వస్తుంది. పైగా చాలామంది కవలలు 37 వారాలు నిండకుండానే పుట్టేస్తారు. ఎనిమిదో నెలలో తిని సర్దుకుందామంటే కుదిరే పని కాదు. అమెరికాలో బార్బరా ల్యూక్ కవలల గర్భాల మీద చేసిన పరిశోధనలూ 28 వారాల లోపు తల్లి పెరిగే బరువుకే పెద్దపీట వేశాయి.

అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన లెక్క ప్రకారం, మామూలు బరువున్న తల్లి కవలలతో మొత్తం 17 నుంచి 25 కిలోలు పెరగవచ్చు. ఒక్క బిడ్డయితే పదకొండున్నర నుంచి 16. ముందే బరువెక్కువుంటే 14 నుంచి 23, ఊబకాయమైతే 11 నుంచి 19. బక్కపల్చని తల్లులకు మాత్రం తగినంత సమాచారం లేదని అంకె ఇవ్వలేదు. మా ఊళ్లో అంకె కావాల్సిందే వాళ్లకి! అందుకే నేను అంకెకంటే నెలనెలా పెరుగుదల ఎలా ఉందో చూస్తాను.

ఐవీఎఫ్‌తో గర్భం వచ్చినవాళ్ల ఇళ్లలో మొదటి పార్టీ రాజ్యమేలుతుంది. మంచం దిగనివ్వరు, నెయ్యీ స్వీట్లూ ఆగవు. అక్కడ షుగర్ పరీక్ష మరోసారి చేయిస్తే చాలాసార్లు దొరికిపోతుంది. వాళ్లకు నేను చెప్పేది ముగ్గురి తిండి వద్దని, సాయంత్రం కాసేపు నడవమని.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఉన్నట్టుండి పెరిగే బరువు. ఒకావిడ కవలలు ఒకే మాయను పంచుకున్నారు. 21వ వారంలో, ఏడు రోజుల్లో మూడు కిలోలు పెరిగింది. పొట్ట బిగిసిపోయింది, పడుకుంటే ఊపిరాడదు. పిల్లలు బాగా ఎదుగుతున్నారని ఇంట్లోవాళ్లకు సంతోషం. స్కాన్‌లో ఒక బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఉప్పొంగి ఉంది, రెండో బిడ్డ చుట్టూ నీరే లేదు. మాయలో కలిసిన రక్తనాళాల గుండా ఒకరి రక్తం ఇంకొకరికి పోతోందన్నమాట. ఆ రాత్రే హైదరాబాద్ పంపాం. లేజర్‌తో ఆ నాళాలు మూసినా దక్కింది ఒక్క బిడ్డే. ఇలా చటుక్కున పెరిగే బరువుకు మరో కారణం బీపీ. ముఖం, చేతులు వాచి, తలనొప్పి మొదలైతే అది ఒళ్లు చేయడం కాదు, ఒంట్లో నీరు చేరడం. కవలల తల్లుల్లో ఈ బీపీ మరీ ఎక్కువ.

అందుకని, వచ్చిన ప్రతిసారీ ఒకే మెషీన్ మీద బరువు తూయించుకుని కార్డులో రాయించుకోండి. మూడో నెల నుంచి ఐదో నెల వరకూ బరువు కదలకపోతే డాక్టరును అడగండి. వారంలో రెండు కిలోలు దాటి పెరిగినా, ముఖం వాచినా, పొట్ట బిగిసినా రాసిచ్చిన తేదీ దాకా ఆగకుండా ఆ రోజే వచ్చేయండి.