కంచికచర్లలో అల్గారిథమ్‌ల కోర్సు: అయిదు మార్కుల బరువు

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ జాతీయ రహదారిపై నందిగామకు ముందు వచ్చే కంచికచర్ల, 2022లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారిన మెట్ట ప్రాంతపు మండల కేంద్రం. 2002లో ఇక్కడ నెలకొన్న ఎం.ఐ.సి. సాంకేతిక కళాశాల ఇప్పుడు స్వయంప్రతిపత్తి గలది. అంటే పరీక్షలు తానే నిర్వహించుకుంటుంది, పట్టా మాత్రం కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఇస్తుంది. పట్టా ఇచ్చేది అదే కనుక, ఈ ప్రాంతంలో అల్గారిథమ్‌ల కోర్సుకు మార్కులు ఎలా పడతాయో చూడదలచిన సందర్శకుడు ముందుగా తెలుసుకోవలసింది ఆ విశ్వవిద్యాలయం 2020లో తెచ్చి, 2023లో కొత్తవి వచ్చేవరకు చేరినవారికి వర్తింపజేసిన నిబంధనలను.

ఆ నిబంధనల్లో సిద్ధాంత విషయానికి వంద మార్కులు: సెమిస్టరు చివరి పరీక్షకు 70, అంతర్గత మూల్యాంకనానికి 30. చివరి పరీక్షలో అయిదు యూనిట్లకు ఒక్కొక్కటి 14 మార్కుల ప్రశ్న ఉండేది. సెమిస్టరు మధ్యలో రెండు మిడ్ పరీక్షలు జరిగేవి. ఒక్కోదానిలో వ్యాసరూపానికి 15, బహుళైచ్ఛిక ప్రశ్నలకు 10, అసైన్‌మెంటుకు 5. మెరుగైన మిడ్‌లో 80 శాతం, రెండోదానిలో 20 శాతం కలిపేవారు కాబట్టి, 28, 18 తెచ్చుకున్న విద్యార్థికి 26 దక్కేవి. ఒక మిడ్‌లో తడబడినవారిని నిలబెట్టే ఈ ఏర్పాటు నిజంగా మెచ్చదగినది.

చిక్కంతా అసైన్‌మెంటుకిచ్చే ఆ అయిదు మార్కుల దగ్గరే ఉంది. అల్గారిథమ్ అంటే ఒక సమస్యను తేల్చడానికి అనుసరించే, ఎక్కడో ఒకచోట ముగిసే మెట్ల వరుస. దాని మంచిచెడ్డలు దత్తాంశం పెరిగేకొద్దీ పట్టే సమయాన్ని బట్టి తెలుస్తాయి. పది లక్షల సంఖ్యల్లో ఒకదాన్ని వరుసగా వెతికితే పది లక్షల పోలికలు అవసరం కావచ్చు. అవే సంఖ్యలు ఆరోహణ క్రమంలో ఉంటే, ప్రతిసారీ సగం వదిలేసే ద్విభాజక శోధనకు 20 చాలు. ఎనిమిది సంఖ్యలతో కాగితంపై రాసిన జవాబులో ఈ తేడా కంటికి ఆనదు. పెద్ద దత్తాంశంపై ప్రోగ్రామును నడిపి చూసినప్పుడే అది బయటపడుతుంది. చేతిరాత అసైన్‌మెంటును పక్కవారి కాగితం చూసి దించడం కూడా సులువే.

ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ వేదికలో చెన్నై గణిత సంస్థ ఆచార్యుడు మాధవన్ ముకుంద్ చెప్పిన ఎనిమిది వారాల అల్గారిథమ్‌ల కోర్సు మరో దారి చూపుతుంది. అక్కడి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల కోర్సులో వారపు అసైన్‌మెంట్లలో మెరుగైన ఆరింటి సగటుకు 25 మార్కులు, పరీక్షకు 75. ధ్రువపత్రానికి వాటిలో కనీసం 10, 30 రావాలి. రెండు వారాలు తప్పినా విద్యార్థి నష్టపోడు గనుక అసైన్‌మెంటు గడువును కఠినంగా పాటించడం అన్యాయం అనిపించదు.

మొత్తం పద్ధతిని మార్చకుండానే, అయిదు మార్కుల్లో రెండింటిని ప్రోగ్రాము నడిచిన తీరుకు, మూడింటిని వైవాలో, అంటే ముఖాముఖి ప్రశ్నలకు, విద్యార్థి ఇచ్చే వివరణకు కేటాయించవచ్చు. ఆలస్యానికి రోజుకు ఎంత కోత, ఎన్ని రోజుల తరువాత స్వీకరించరు అన్నవి మొదటి తరగతిలోనే రాసి ఇవ్వాలి.