దెబ్బ తగిలిన చేతితో

మన తల్లాడలో వరికోతలు అయ్యాక పిల్లలు పొలాల్లోనే క్రికెట్ ఆడుకుంటారు. ఒక్క మ్యాచ్ ఓడితే చాలు, బ్యాటు మూలన పడేసేవాళ్లనూ చూస్తుంటాం. వాళ్లకు సీకే నాయుడు గారి సంగతి చెబుదాం.

వాళ్ల కుటుంబానిది మచిలీపట్నం. ఆయన 1895లో నాగపూర్‌లో పుట్టారు. 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎంసీసీ జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. 1932లో లార్డ్స్‌లో మన దేశపు తొలి టెస్టుకు ఆయనే కెప్టెన్. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలింది. అయినా తొలి ఇన్నింగ్స్‌లో మనవాళ్లందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేశారు. మ్యాచ్ మాత్రం 158 పరుగుల తేడాతో ఓడాం.

ఆయన ఆగలేదు. 1963లో, 68 ఏళ్ల వయసులో, రక్షణ నిధి కోసం మళ్లీ బ్యాటు పట్టారు.

ఓడి ఇంటికొచ్చిన బిడ్డను స్కోరెంత అని అడగొద్దు. రేపు ఆట ఎన్నింటికి అని అడుగుదాం.