బాడీ ఎప్పుడు ఎత్తుతారు?

మా దుకాణం బోర్డు మీద ‘మళ్ళీ దయచేయండి’ అని రాసుకోలేం. పండక్కి ఆఫర్ పెట్టలేం. విజిటింగ్ కార్డు ఇస్తే చేత్తో తీసుకోరు, టీపాయ్ మీద పెట్టి వెళ్ళమంటారు. హైదరాబాద్‌లో అంబులెన్స్ డ్రైవర్‌గా మొదలుపెట్టి, తర్వాత ఫ్రీజర్ బాక్సులు, ఒక వైకుంఠరథం కొనుక్కుని అంత్యక్రియల సర్వీసు నడుపుతున్నాను. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ అపార్ట్‌మెంట్ల నుంచే ఎక్కువ ఫోన్లు.

ఇదొక వ్యాపారమంటే మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. అక్కడ చావు కబురు అందితే చాలు, వాడకట్టంతా వాకిట్లో ఉంటుంది. వెదురు తెచ్చేది ఒకరు, పాడె కట్టేది ఒకరు, కట్టెలు పేర్చేది ఇంకొకరు. డప్పు కొట్టేవాళ్ళకు, గుంత తవ్వేవాళ్ళకు చివరికి ఏం దక్కేదో ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి. సిటీలో ఎదురు ఫ్లాటాయన పేరే తెలియదు. పాడె పట్టడానికి నలుగురు లేని ఇళ్ళకు వెళ్ళాను. ‘భుజం పట్టేవాళ్ళను కూడా మీరే తెస్తారా?’ అని నెమ్మదిగా అడుగుతారు. తెస్తాం. దానికీ రేటుంది.

ఊళ్ళో పొద్దుగూకేలోపు ఎత్తేసేవారు. ఇప్పుడు ముహూర్తం పెట్టేది విమానం. కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటారు. టికెట్ దొరకాలి, దోహాలోనో దుబాయ్‌లోనో ఫ్లైట్ మారాలి, శంషాబాద్‌లో దిగాలి. వచ్చిన ప్రతి చుట్టమూ చెవిలో అడిగే ప్రశ్న ఒక్కటే: ‘బాడీ ఎప్పుడు ఎత్తుతారు?’ మాకూ తెలియదు. రెండు రోజులు దాటేట్టుంటే బాక్స్‌ను నమ్ముకోవద్దు, మార్చురీలో పెట్టించండి అని చెబుతాను. ‘ఇంటి మనిషిని అక్కడ వదిలేస్తామా’ అంటారు. సగం మంది వినరు.

ఫ్రీజర్ బాక్స్ అంటే అద్దం మూత ఉన్న పెట్టె అనుకుంటారు గానీ, దాని చాకిరీ మాకే తెలుసు. ఏసీకి పెట్టిన పెద్ద ప్లగ్ పాయింట్‌లోనే పెట్టాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి తగిలిస్తే గంటలో వైరు వేడెక్కి వాసన వస్తుంది. కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ దాన్ని లాగలేదు. జనం మూత మీదే పూలదండలు, అగరొత్తులు, చిల్లర పెడతారు. హాలు నిండా మనుషుల ఊపిరి, బయట ఉక్కపోత, అద్దానికి ఊరికే ఆవిరి పడుతుంది. అవతల ఎవరో వీడియో కాల్‌లో ‘నాన్న మొహం కనపడట్లేదు’ అంటూ ఏడుస్తుంటారు. మా కుర్రాడు పక్కనే నిలబడి పొడిగుడ్డతో తుడుస్తాడు, మళ్ళీ ఆవిరి, మళ్ళీ తుడుస్తాడు. రాత్రంతా వాడి డ్యూటీ అదే.

ఇక లిఫ్టు. ఫ్లాటు కొనేటప్పుడు వాస్తు చూస్తారు, కార్ పార్కింగ్ చూస్తారు. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందా అని ఒక్కరూ చూడరు. పాత అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లలో ఆరుగురు పట్టే లిఫ్టే ఉంటుంది. మనిషిని స్ట్రెచర్‌కు మూడు బెల్టులతో కట్టి మెట్ల మీదుగా దించుతాం. మలుపు దగ్గర రెయిలింగ్ పైకి ఎత్తి తిప్పాలి, తల వైపు పట్టుకున్నవాడి నడుం విరుగుతుంది. వెనక కోడలో కూతురో చూస్తుంటారు కాబట్టి ‘ఎత్తు’, ‘దించు’ అని అరవకూడదు. కళ్ళతోనే చెప్పుకుంటాం.

అద్దె ఇళ్ళ బాధ ఇంకా ఘోరం. ఆసుపత్రిలో పోయిన మనిషిని ఇంటికి తేవద్దని ఓనర్ గేటుకు తాళం వేసుకుంటాడు. రోడ్డు పక్క టెంటు వేసి, అక్కడే స్నానం చేయించి, అక్కడి నుంచే తీసుకెళ్ళిన సందర్భాలున్నాయి. ఎన్నేళ్ళు అద్దె కట్టినా ఆ ఒక్క పూటకు ఆ ఇల్లు వాళ్ళది కాదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

శ్మశానాల్లో మార్పు బాగానే వచ్చింది. జూబ్లీహిల్స్ మహాప్రస్థానం చూశాక జనం చెట్టు నీడ, స్నానాల గది, కూర్చోవడానికి చోటు అన్నిచోట్లా అడుగుతున్నారు. పల్లెప్రగతి కింద తెలంగాణ ఊళ్ళలోనూ వైకుంఠధామాలు కట్టారు. కరెంటు, గ్యాస్ దహనానికి మాత్రం ఇంకా వెనకాడతారు. కట్టెలైతే మనిషికి మూడు నాలుగు వందల కిలోలు కావాలి. వానాకాలం తడి కట్టె అంటుకోక పెద్దకొడుకు పొగలో నిలబడి దగ్గుతుంటే, ఈసారి గ్యాసే మేలనుకుంటారు. ఆ మాట పదో రోజుకు మరిచిపోతారు. కూతుళ్ళు కొరివి పెట్టడం మాత్రం ఇప్పుడు వింత కాదు. మొదట్లో పంతులుగారే అడ్డం చెప్పేవారు, ఇప్పుడు ‘అమ్మా, కుండ ఇలా పట్టుకో’ అని ఆయనే చూపిస్తున్నారు. అన్నట్టు అపరకర్మ చేయించే పంతుళ్ళే తగ్గిపోయారు. పెళ్ళిళ్ళు చేయించే పంతుళ్ళు వాళ్ళ పక్కన కూర్చోరు, వాళ్ళ పిల్లలు ఆ పనిలోకి రారు. మా కుర్రాళ్ళదీ అదే బాధ. సంబంధం చూసేటప్పుడు అంబులెన్స్‌లో పని అనే చెప్పుకుంటారు.

డబ్బు సంగతికొస్తే, చదువుకున్నవాళ్ళు జీఎస్టీ బిల్లు అడుగుతారు. అంత్యక్రియలు, శవాన్ని తరలించడం జీఎస్టీ చట్టం షెడ్యూల్ 3లో ఉన్నాయి, అంటే పన్ను లేదు. పన్ను లేదని బిల్లూ ఉండదు, బిల్లు లేదని రేటూ ఉండదు. ఆసుపత్రి గేటు దగ్గర బ్రోకర్లు, బయటి బండిని లోపలికి రానివ్వని ముఠాలు దీని మీదే బతుకుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతిలో ఒక తండ్రి కొడుకు శవాన్ని బైకు మీద ఊరికి తీసుకెళ్ళిన వార్త దేశమంతా చూసింది. అంబులెన్సు వాళ్ళు అడిగినంత ఇవ్వలేకే అలా వెళ్ళాడు. దానికి ముందే, 2019లో కరీంనగర్ నగరపాలక సంస్థ రూపాయికే అంత్యక్రియలు చేయించే పథకం పెట్టింది. అలాంటివి ప్రతి ఊళ్ళో వస్తే మా గిరాకీ తగ్గుతుంది. తగ్గనీ. లేనివాడి దగ్గర బేరమాడటం కన్నా అదే నయం. ఉన్నవాళ్ళు ఎలాగూ ప్యాకేజీ అడుగుతారు.

చదివేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటాను. ఇంట్లో మనిషి పోతే ముందు తెలిసిన డాక్టరును పిలిచి, మరణానికి కారణం రాసిన సర్టిఫికెట్ తీసుకోండి. అది లేనిదే తర్వాతి కాగితాలు కదలవు. 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించండి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే మాకు ముందే చెప్పండి, వేడికి దాని బ్యాటరీ పేలుతుంది, దహనానికి ముందే తీయించాలి. బండికెంత, బాక్స్‌కు రోజుకెంత, కట్టెలకెంత, మనుషులకెంత అని విడివిడిగా అడిగి రాయించుకోండి. శవం ఇంట్లో ఉండగా బేరమేంటని మొహమాటపడకండి. రాసివ్వనన్నవాణ్ణి పంపించేసి ఇంకొకరికి ఫోన్ చేయండి.