జ్వరం దిగిన రోజు

5 సెప్టెంబరు 2025, శుక్రవారం

డ్రైడే, దోమలు పెరగకుండా నీళ్ల తొట్లు ఖాళీ చేయించే రోజు. ఆశా అక్కతో కలిసి కంభం దగ్గరి ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాను. టాంకరు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియని వీధిలో నిలబడి తొట్లు ఒలకబోయమని చెప్పడానికి నోరు రాదు. "ఒలకబోస్తాలే నర్సమ్మా, నువ్వొచ్చి నింపుతావా?" అంది ఒక ముసలమ్మ. న్యాయమే. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు తవ్వడమైంది గానీ నీళ్లింకా రాలేదు. బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడు. ఇక ఇంటి ముందు నీలం డ్రమ్ములు కాక ఏముంటాయి? డెంగీ దోమకు మురుగుకాలువ అక్కర్లేదు, ఆ డ్రమ్ములో కదలకుండా ఉన్న మంచినీళ్లే కావాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. నీళ్లు పారబోసినా డ్రమ్ము గోడకంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండి ఉండి, తడి తగలగానే లేస్తాయి.

అందుకని పారబోయమనడం మానేశాను. టాంకరు వచ్చే ముందు అడుగు నీళ్లతోనే పీచు పెట్టి గోడ రుద్దమంటున్నాను, పైన పాత చీర బిగించి కట్టమంటున్నాను. డ్రైడే జరిపామని రాయడానికి రిజిస్టరులో గడి ఉంది. చీర కట్టిన ఇళ్లకు గడి లేదు.

11 సెప్టెంబరు

ఇక్కడి ఒక గర్భిణికి గిద్దలూరులో అత్తగారిల్లు. ఏడో నెలలో పుట్టింటికొచ్చింది ఆ పిల్ల. మొన్నటి నుంచి జ్వరం, కళ్ల వెనక పోటు, నడుం విరిగిపోతోందంటోంది. ఆర్‌ఎంపీ నొప్పుల సూది తీశాడట, వాళ్లమ్మ ఆపి నాకు ఫోన్ చేసింది. ఎంత పుణ్యమో. డెంగీలో డైక్లోఫెనాక్ రక్తస్రావానికి దారి తీయవచ్చు. పైగా ఈ నెలల్లో కడుపులో బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందుగానే మూసుకుపోయే ప్రమాదం. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. కిట్టు పరీక్షలో ఎన్ఎస్1 పాజిటివ్, అంటే డెంగీయే. బీపీ వస్తుందేమోనని ఈమెకు చిన్న ఆస్పిరిన్ బిళ్ల రాసి ఉంది. డాక్టరుగారికి ఫోన్ చేసి చెబితే వెంటనే ఆపమన్నారు. మార్కాపురం పంపాం.

బయల్దేరేముందు వాళ్లమ్మ గిన్నెడు బొప్పాయి ఆకు పసరు తెచ్చింది. "పెద్దమ్మా, కడుపుతో ఉన్న పిల్ల బొప్పాయి ముక్క తింటే ఇల్లు పీకి పందిరేస్తారే, ఆకు పసరు ఎట్లా తాగిస్తావు?" అన్నాను. కాసేపు ఆలోచించి, "అది పండు, ఇది మందు" అంది. జవాబు నాకు నచ్చింది. పసరు మాత్రం పారబోయించాను.

13 సెప్టెంబరు

జ్వరం దిగింది. ఇంటికి తీసుకుపోతామని మొగుడు, మామ తయారు. బంధువులంతా ఫోన్లో ఒకటే ప్రశ్న: కణాలెన్ని? ప్లేట్‌లెట్లు లక్షకు పైనే అన్న మాట విని ఊపిరి పీల్చుకున్నారు.

డెంగీలో అసలు గండం జ్వరం దిగాకే. ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారుతుంది, మిగిలిన రక్తం చిక్కబడుతుంది. దాన్ని పట్టించేది పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం. కడుపుతో ఉన్న మనిషి దగ్గర అదీ మోసం చేస్తుంది. రక్తం ముందే పలచబడి ఉంటుంది, నాడి మామూలుగానే వేగం, బీపీ మామూలుగానే కొంచెం తక్కువ. ఏది రోగమో ఏది నెలల తీరో తేలదు. ఇవాళ పీసీవీ 37. మామూలు ఆడమనిషికి అది చక్కటి లెక్క. డ్యూటీ డాక్టరమ్మ పాత కార్డు అడిగింది. అందులో నేను రాసిన హిమోగ్లోబిన్ 10, అంటే పీసీవీ ఉజ్జాయింపుగా 30. ఇరవై శాతానికి పైగా ఎగబాకింది! ఆమె ముఖం మారిపోయింది. పైగా కడుపునొప్పి, ఆగని వాంతులు. చీకటి పడకముందే 108లో ఒంగోలు పంపారు.

రక్తహీనత ఉన్న మనిషికి 37 అంటే భయపడాలని ఎవరికి తడుతుంది? ఆ కార్డు బీరువాలో పెట్టి తాళం వేసే ఇళ్లు నాకు చాలా తెలుసు.

17 సెప్టెంబరు

గండం గడిచింది. సెలైను లెక్కగా ఎక్కించారట. తక్కువైతే షాకు, ఎక్కువైతే కోలుకునే రోజుల్లో ఆ నీరంతా ఊపిరితిత్తుల్లోకి. ప్లేట్‌లెట్లు పడ్డాయి గానీ రక్తస్రావం లేదు కాబట్టి ఎక్కించలేదు. మామకు అది నచ్చలేదు, డబ్బు పెట్టుకుంటామన్నా ఎక్కించరా అని. కాలేయం పరీక్షలో అంకెలు కూడా పెరిగాయి కనుక, బీపీతో వచ్చే హెల్ప్ జబ్బు కాదు కదా అని తేల్చుకోవాల్సి వచ్చిందట. హెల్ప్ అయితే కాన్పు చేసెయ్యాలి. డెంగీ అయితే, ఈ గండం రోజుల్లో వీలైనంతవరకు కాన్పు ఆపాలి, కత్తి పెడితే రక్తం ఆగదు. ఒకే రిపోర్టుకు రెండు ఎదురెదురు వైద్యాలు.

9 అక్టోబరు

గర్భిణుల పరీక్షల రోజు. ఆ పిల్ల వచ్చింది, జుట్టు ఊడుతోందని ఏడుపు. బిడ్డ కదలికలు బాగున్నాయి. కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటించి, బిడ్డ ఎదుగుదలకు ఇంకో స్కాను రాయించాను.

దోర్నాల వైపు పనిచేసే స్నేహితురాలు నెలలు నిండాక జ్వరమొచ్చిన ఒకామె సంగతి చెప్పింది. కాన్పు దగ్గర్లో తల్లికి డెంగీ అయితే వైరస్ బిడ్డకూ చేరవచ్చు. పుట్టినప్పుడు బాగానే ఉన్న పసిబిడ్డకు కొన్ని రోజుల తర్వాత జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోవడం. అలాంటి బిడ్డను మూడో రోజే ఇంటికి పంపకూడదు. చనుపాలు మాత్రం మాన్పించనక్కర్లేదు.

రాత్రి, బ్రెజిల్ మినాస్ జెరైస్ రాష్ట్రంలో చేసిన అధ్యయనం గురించి చదివాను. కడుపుతో ఉండగా డెంగీ సోకిన తల్లులకు మరీ తక్కువ బరువు బిడ్డలు పుట్టే అవకాశం 67 శాతం ఎక్కువట. పుట్టిన పిల్లలు మూడేళ్లలోపు ఆసుపత్రిలో చేరడం 27 శాతం ఎక్కువ, రెండో ఏట మరీ ఎక్కువ. అసలే అరుదైనదానికి 67 శాతం కలిపినా అరుదే, ఆ పిల్లకు ఈ అంకెలు చెప్పి నిద్ర చెడగొట్టను. కానీ డిశ్చార్జితో కథ అయిపోయిందనుకునే మా అందరికీ చెప్పాలి.

14 నవంబరు

ఆడపిల్ల. 2.4 కిలోలు. డెంగీ వల్లా, రక్తహీనత వల్లా అని మామ అడిగాడు. చెప్పలేనన్నాను. ఏ ఒక్కదానికీ నేరం మోపే ఆధారం లేదు.

తల్లి ఒంట్లో తయారైన డెంగీ యాంటీబాడీలు బిడ్డకు వచ్చే ఉంటాయి. మొదటి కొన్ని నెలలు కాపాడతాయి. అవి తగ్గి సగం సగంగా మిగిలినప్పుడు డెంగీ వస్తే మటుకు కాపాడకపోగా జబ్బును ముదరపెట్టవచ్చు. ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లల్లో డెంగీ తీవ్రం కావడానికి అదొక కారణమంటారు. ఈ బిడ్డకు ఆ వయసు వచ్చేది మే నుంచి ఆగస్టు మధ్య. ఉయ్యాలకు పగలు కూడా దోమతెర కట్టమన్నాను.

"పగలా? ఉక్కకు చావదా పిల్ల?" అంది అమ్మమ్మ. పల్చటి తెర, ఫ్యాను వెయ్యండన్నాను. కరెంటు సంగతి ఆమె ఎత్తింది. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. చివరికి, ఎండాకాలం ముందు ఇంకోసారి రా, చూద్దాం అంది.